మనవాళ్ళు ఆఖర్న

నర్సుల ట్రైనింగ్ హాస్టల్,
జూన్ 11

అత్తా,

క్షేమంగా చేరాను. ఫోన్ చేయలేదని అప్పుడే మొహం ముడుచుకోకు. ఫోన్లో మనిద్దరం మూడో మాటకే పోట్లాటకి దిగుతాం, కాయితం మీదైతే ఒకళ్ళు చెప్పేది ఒకళ్ళు ఆఖరిదాకా వింటాం. ఆ మాట అన్నది నువ్వే.

గది చిన్నది. కిటికీ తెరిస్తే ఎదురుగా లాండ్రీ గోడ, పొద్దస్తమానం ఆవిరి. నా పక్క మంచం అమ్మాయి పడవలవాళ్ళ పిల్ల, నిద్రలో కూడా బేరాలాడుతుంది. ఇంకొకామె అమ్మానాన్నలిద్దరికీ వినపడదు. అలాంటివాళ్ళు ఆసుపత్రికొస్తే డాక్టరు చెప్పిందాంట్లో ఎంత చేరుతుందో చూస్తానంటోంది. అడవి లోపలి ఊరి నుంచి ఒక మగ నర్సు వచ్చాడు. అతనికి ఇక్కడి లిఫ్టంటే భయం, నాకు అతని గురకంటే భయం, గోడ అవతలి నుంచి కూడా వినిపిస్తుంది. ఇలా జబ్బు గట్టిగా పట్టే చోట్ల నుంచే మమ్మల్ని ఏరి తెచ్చారు. "మీవాళ్ళకే ఎందుకు ఎక్కువ చేస్తోందో, ఎందుకు తొందరగా నయం కావడం లేదో మీరే వెతకండి. ఎలా వెతకాలో నేను నేర్పుతాను" అంది మా మేడమ్.

నా ప్రశ్న నీకు ముందే తెలుసు. షుగరు ఊరందరికీ ఉంది. కానీ పుండు ముదిరి కాలివేళ్ళు పోగొట్టుకునేది మాత్రం ఎక్కువగా క్వారీ వెనక మన వీధులవాళ్ళే. డ్రెస్సింగుకి నాలుగుసార్లు వచ్చి మానేస్తారు. ఎందుకు? అది తేల్చాలంటే నీ వార్డే కావాలి. హెడ్ నర్సు సరే అంటేనే పెద్ద డాక్టరుగారు సరే అంటారట. అనవూ?

నాన్న కాలి పుండు గురించి నాకు దిగుల్లేదు. ఎవరి చేతిలో ఉందో తెలుసు కదా.

నీ మేనకోడలు


డ్రెస్సింగ్ వార్డు,
జూన్ 19

ఏమే గడుగ్గాయీ,

నీ ఉత్తరం ట్రే కింద పెట్టుకుని రెండు విడతల్లో చదివాను. ఎందుకు మానేస్తారో తెలుసుకోవడానికి అంత దూరం వెళ్ళి చదవాలా? నన్నడిగితే ఇక్కడే చెప్పేదాన్ని. మొండితనం. మనవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. మీ నాన్నని చూడు, నిన్ను చూడు, అద్దంలో నన్ను నేను చూసుకుంటాను.

వార్డు సంగతి సరే అంటాను. నా వార్డులో దాచాల్సింది ఏమీ లేదు. మనవాళ్ళకి నేను చేసినట్టు ఎవరు చేస్తారో చూపించు. ముందు మిగతావాళ్ళందర్నీ పంపేస్తాను. గోల తగ్గుతుంది, డాక్టర్లు అన్నానికి వెళ్తారు, అప్పుడు మనవాళ్ళని కూర్చోబెట్టి తీరిగ్గా, చెయ్యి బరువు తెలీకుండా కడతాను. ఒక్కో కాలికి నేను పెట్టే సేపు చూసి చిన్న సిస్టర్లు గొణుక్కుంటారు. పైగా "హెడ్ నర్సు తనవాళ్ళని ముందు లాక్కుంటుంది" అనే మాట ఇన్నేళ్ళలో నా మీద పడలేదు. వార్డులో మీ నాన్నని "ఏమయ్యా" అనే పిలుస్తాను. తమ్ముడు ఇంట్లో.

అతని కాలికి నువ్వు ఏర్పాటు చేసి వెళ్ళావని చెప్పాడు. మంచి పని చేశావు.

వేళకి తిను. బేరాలాడే అమ్మాయిని నిద్రలో అడిగి నాకో మంచి గొడుగు ఇప్పించు.

అత్త


జూలై 6

అత్తా,

నేను కొనిచ్చిన మెత్తటి చెప్పులు నాన్న వేసుకుంటున్నాడన్నమాట. అటక మీద పెట్టేస్తాడనుకున్నాను. బతికాను.

ఈ వారం క్లాసులో నా పరువు పోయింది. "మీవాళ్ళు ఎందుకు మానేస్తారనుకుంటున్నావు?" అని మేడమ్ అడిగింది. నేను లేచి ఉపన్యాసం దంచాను. చీటీల కౌంటర్లో కసురుతారు, డాక్టర్లు మొహం చూడరు, మన మాటతీరు వినగానే వెనక నిలబెడతారు, అని. అంతా విని ఆవిడ నింపాదిగా "నువ్వు జవాబుతో వచ్చావు. ప్రశ్న ఇంటి దగ్గరే మర్చిపోయావు" అంది. గురక మహాశయుడు పక్కున నవ్వాడు. ఆ కోపంలో రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడ మాటే సరైందనిపించింది.

అందుకే ఒక సాయం. వార్డుకి ఎవరు ఏ వేళకి వస్తున్నారో, ఏ వేళకి బయటపడుతున్నారో ఒక నెల రాయించి ఉంచగలవా? పేర్లు వద్దు, ఏ వైపు నుంచి వచ్చారో చాలు. పని చేసే సిస్టర్లు కాకుండా వేరే ఎవరైనా చేస్తే మంచిది.

నీ గడుగ్గాయి


జూలై 15

మేనకోడలు గారికి,

నా సిస్టర్లు కాకుండా వేరేవాళ్ళా? అంటే నా పిల్లలు అబద్ధాలు రాస్తారనా? రెండు చేతులకీ చీము అంటుకుని ముక్కు గోక్కోవడానికి కూడా వీల్లేనివాళ్ళ మీద నిఘా పెడతావా? ఒళ్ళు మండిపోయింది. చిన్న సిస్టరు ఒకర్తి "మీ అమ్మాయి మా మీద రిపోర్టు రాస్తోందట కదా" అని నా మొహం మీదే అడిగింది. ఏం చెప్పమంటావు?

మాటిచ్చాను కాబట్టి గేటు దగ్గర గుమాస్తాకి ఆ పని అప్పగించాను. కానీ ఒకటి గుర్తుంచుకో. నీకు నర్సు బట్టలు కుట్టించింది నేను.

అత్త


ఆగస్టు 12

నువ్వు మన ఊరొచ్చావని కౌంటర్ అమ్మాయి చెప్పింది. వారం రోజులు క్వారీ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగావట. నా గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయావు. నీ కోసం తీసి ఉంచిన దుప్పటి మళ్ళీ మడతపెట్టాను.

ఇంక రాయడానికేమీ లేదు.


ఆగస్టు 20

అత్తా,

కోప్పడు, తిట్టు, కానీ ఆఖరిదాకా చదువు.

నీ ఇంట్లో దిగితే "హెడ్ నర్సు మనిషి" అంటారు. నీకు నచ్చే మాటలు తప్ప ఒక్క మాట బయటికి రాదు. అందుకే రాలేదు. నీ క్వార్టర్సులో దీపం వెలగడం చూస్తూ రెండుసార్లు వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగాను. ముందే ఒక ముక్క రాసి ఉండాల్సింది. నువ్వు ఊరుకోవని భయపడ్డాను.

ఇంట్లో నాన్న లేడు. ఆవలి క్వారీలో పని తగిలిందని నేను రాకముందే వెళ్ళాడట. మేస్త్రీ భార్య దగ్గర దిగాను.

నీ మీద ఒక్కరు ఒక్క పొల్లు మాట అనలేదు. దాంతో నాకు దిక్కు తోచలేదు. కౌంటర్లో కసురుతారా అంటే అందర్నీ కసురుతారన్నారు. డాక్టరు చూడడా అంటే చూస్తాడన్నారు. మరి ఎందుకు మానేశారంటే నేల చూపులు. ఆఖరికి, పాదంలో సగం పోయిన ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "మీ అత్త చేతిలో పడితే నొప్పి తెలీదు తల్లీ. కానీ ఆ చేతిలో పడేసరికి బండి వెళ్ళిపోతుంది."

మధ్యాహ్నం క్వారీ బండి, అత్తా. అది అందుకుంటే పూటపని దొరుకుతుంది. తప్పిపోతే ఆ రోజుకి కూలి లేదు, మర్నాడు మేస్త్రీ పిలుస్తాడన్న నమ్మకమూ లేదు. మనవాళ్ళు అందరికంటే ముందొస్తారు, అందరికంటే ఆఖర్న వెళ్తారు. గుమాస్తా రాసిపెట్టిందీ అదే చెబుతోంది. వార్డులో అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది క్వారీ వైపువాళ్ళే. నాలుగుసార్లు బండి తప్పాక పుండు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. "అడగొచ్చు కదా" అన్నాను. "అంత ప్రేమగా చూసే మనిషిని తొందరపెట్టమంటావా?" అన్నారు.

ఇది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నేను వెతికింది ఎవరో చెడ్డవాణ్ణి. దొరికింది నువ్వు పెట్టిన వరస.

మేడమ్ ఇంకో ఆసుపత్రి చూసుకోమంటోంది, "సొంత మనిషి" అని. నువ్వేమంటావు?

నీ మేనకోడలు


ఆగస్టు 30

నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగూ చింపాను.

ఆ వరస ఎందుకు పెట్టానో తెలుసా నీకు? క్వారీ వెనక వీధుల నుంచి నర్సుగా వచ్చిన మొదటి మనిషిని నేను. చేరిన కొత్తలో మన పక్కింటి తాతని ముందు కూర్చోబెట్టానని అప్పటి హెడ్ నర్సు వార్డంతా వినేలా "ఇదేమన్నా మీ ఇంటి వసారానా?" అంది. ఆ తాత తలొంచుకుని తనే లేచి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మనవాళ్ళు ఆఖర్న. నా తల ఎత్తుకోవడానికీ అదే దారి, వాళ్ళని బాగా చూసుకోవడానికీ అదే దారి అనుకున్నాను. నీ వయసు పిల్లలు వచ్చి కుర్చీలో కూర్చుని తప్పంటే ఒప్పేసుకుంటానా?

ఒప్పుకోను. రేపటి నుంచి నెల రోజులు వచ్చిన వరసలోనే చూస్తాను. మనవాళ్ళైనా, కలెక్టరు మామగారైనా సరే. అప్పటికీ మనవాళ్ళు రాకపోతే మీ మేడమ్ ఇక్కడికొచ్చి నా ఎదురుగా నిలబడి, తప్పు నా వరసది కాదు, వాళ్ళ మొండితనానిదే అని చెప్పాలి.

ఇంకో ఆసుపత్రికి మాత్రం వెళ్ళకు. నా వార్డు గురించి తేల్చేది నా వార్డులోనే తేలాలి.

హెడ్ నర్సు


సెప్టెంబర్ 6

హెడ్ నర్సు గారికి,

పందెం ఖాయం. నీ ఉత్తరం మేడమ్‌కి చూపించాను. కలెక్టరు మామగారి దగ్గర ఆగి నవ్వింది. "ఈవిడని నేను కలవాలి" అంది. నన్ను నీ వార్డులోనే ఉండనిస్తానంది, కాకపోతే లెక్కలన్నీ ఆవిడ ఇంకొకరితో మళ్ళీ సరిచూపిస్తుంది. గురక మహాశయుడు ఒప్పుకున్నాడు. మనిషి నెమ్మది, కానీ ఒక్క పొరపాటు వదలడు. నీకు నచ్చుతాడు. అంటే, లెక్కల్లో.

గడుగ్గాయి


సెప్టెంబర్ 24

మేనకోడలా,

మీ మేడమ్‌ని టికెట్టు తీసుకోమను.

మూడు వారాలు దాటింది. పిలుపు వరస ప్రకారమే. మొదటి రోజు కొందరు మొహాలు మాడ్చుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. క్వారీ వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళెవరూ లేరు. మానేసినవాళ్ళు మానేసినట్టే ఉన్నారు. వచ్చే ఆ కొద్దిమందీ కూడా ఎండెక్కాక తీరిగ్గా వస్తున్నారు. ఇప్పుడేమంటావు?

గెలిచినందుకు సంబరంగా ఉండాలి. లేదు. ఎందుకో మరి.

లెక్కల్లో నచ్చే మనిషి గురించి ఇంకో పేరా రాయొచ్చు, నేనేమీ అనుకోను.

అత్త


సెప్టెంబర్ 29

అత్తా,

సంబరం ఎందుకు లేదో నేను చెబుతాను. వరస మారిందని వాళ్ళకి ఎవరు చెప్పారు?

నువ్వు వార్డులో మార్చావు. క్వారీ వెనక ఎవరికి తెలుసు? ముందొచ్చినా ఆఖర్నే కదా అని విసిగి ఇప్పుడు ఆలస్యంగా వస్తున్నారు. మానేసినవాళ్ళు నీ గుమ్మంలోకి వస్తే కదా తెలిసేది. నేనూ ఆలోచించలేదు, మేడమ్ చేత నాలుగు చీవాట్లు తిన్నాను.

నువ్వు వెళ్ళలేకపోతే నాన్నతో చెప్పించు. వారానికి రెండుసార్లు నీ దగ్గరికి కట్టు కట్టించుకోవడానికి వస్తూనే ఉన్నాడు కదా. అతను మేస్త్రీతో అంటే ఒక్క పూటలో వీధంతా పాకుతుంది.

నీ మేనకోడలు


అక్టోబర్ 7

నా తల్లీ,

ఇది కూర్చుని చదువు.

మీ నాన్న నా దగ్గరికి రావడం లేదు. వేసవి నుంచీ రావడం లేదు. క్వారీలో మందుల గది మనిషికి నువ్వు కట్టు కట్టడం నేర్పించి వెళ్ళావని నాతో చెప్పాడు. నేను నమ్మాను. నీతో నా దగ్గరికి వస్తున్నానన్నాడు. నువ్వు నమ్మావు. ఇద్దరు నర్సుల మధ్య కూర్చుని ఇద్దర్నీ ఆడించాడు. నీ ఉత్తరం చదివి, వేసుకున్న యూనిఫాంతోనే క్వారీ వెనక్కి నడిచాను.

చాలా ఏళ్ళైంది నేను అటు వెళ్ళి. వీధి మొదట్లోనే నా చుట్టూ మూగారు. కుర్చీ తెచ్చారు. నేను కూర్చోలేదు. మీ నాన్న నన్ను చూసి కాలు మంచం కిందికి లాక్కున్నాడు. పాత బనీను చింపి కట్టుకున్నాడు. విప్పితే బొటనవేలు నల్లబడిపోయి ఉంది. వాసన గడపలోనే తెలిసింది, ఇన్నేళ్ళ పనిలో ఆ వాసన నాకు కొత్త కాదు. నా తమ్ముడి దగ్గర కొత్త.

"ఎందుకు రాలేదురా?" అని అరిచాను. "బండి పోతుందక్కా" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు అందర్నీ పేరు పెట్టి పిలుస్తావు, నన్ను ఏమయ్యా అంటావు. ఎదురుగా ఆ చివర కూర్చుని ఎదురుచూడ్డం బాగుండేది కాదు" అన్నాడు. కోపంగా కాదు. ఊరికే అన్నాడు.

వేలు తీసేశారు. పాదం దక్కింది. డాక్టరు ఇంకో వారమైతే చెప్పలేమన్నాడు. ఆపరేషన్ గదిలో పక్కనే నిలబడ్డాను. నేనే కట్టు కట్టాను. 

నువ్వు రావద్దు. వస్తే మధ్యలో ఆగిపోతుంది. నువ్వు చేసే పని సగంలో ఆగితే ఈ వేలు ఊరికే పోయినట్టే. అతని మంచం పక్కన నేనున్నాను.

నీ అత్త


అక్టోబర్ 12

అత్తా,

చాలా ఏడ్చాను. పడవలమ్మాయి నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏ బేరమూ ఆడకుండా. నాన్న మీద కోపం, నా మీద అంతకంటే కోపం. ఊళ్ళోకొచ్చి ఇల్లిల్లూ తిరిగి అందరి కాళ్ళ సంగతీ అడిగాను. సొంతింటి తలుపు వేసి ఉంటే పక్కింటికి వెళ్ళిపోయాను. నీ గుమ్మం తొక్కి ఉంటే ఆ రాత్రే ఇద్దరి మాటలూ కలిసి నాన్న అబద్ధం బయటపడేది.

మొదట సంచి సర్దుకున్నాను. తర్వాత మళ్ళీ విప్పాను. ఆగను. పని పూర్తి చేసే వస్తాను. రేపు క్లాసులో అందరి ముందూ చెప్పాలి. నాన్న పేరు, నీ పేరు, ఊరి పేరు రాకుండా చెబుతాను, అది నియమం. కానీ తర్వాత రాసే రిపోర్టు కోసం ఒకటి అడుగుతున్నాను, నిజం చెప్పు. "ఈ వరస పెట్టింది ఆ వీధుల్లోంచి వచ్చిన నర్సే" అని రాయనా, ఆ ముక్క వదిలేయనా? నువ్వు వద్దంటే వదిలేస్తాను. మేడమ్‌కి కూడా చెప్పేశాను.

మీ ఇద్దరికీ ముద్దులు.
మీ పిల్ల


నవంబర్ 3

ఏమే గడుగ్గాయీ,

రాయి. వదిలేస్తే ఇంకో ఊళ్ళో ఇంకో పిచ్చిది నాలాగే, మంచిదాన్ననిపించుకోవాలని, తనవాళ్ళని ఆఖర్న కూర్చోబెడుతుంది. ఆవిడ చదవాలి. మీ మేడమ్‌ని కూడా రమ్మను, క్షమాపణకి కాదు. నా సిస్టర్లు నలుగురు ఆ ట్రైనింగు గురించి అడుగుతున్నారు. నీ రిపోర్టు గురించి నన్ను నిలదీసిన చిన్న సిస్టరు అందరికంటే ముందు.

పందెం ఓడిపోయాను. మేస్త్రీకి చెప్పించలేదు, నేనే వారానికి ఒక సాయంత్రం క్వారీ వెనక్కి వెళ్తున్నాను. మానేసినవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. మీ నాన్న క్వారీలో కూర్చుని చేసే పనికి మళ్ళీ వెళ్తున్నాడు. అతనికి ఇంకా నీతో మాట్లాడ్డానికి మొహం చెల్లడం లేదు, నువ్వే ముందు ఫోన్ చెయ్యి. చెప్పులు అటక మీదే దొరికాయి.

ఇవాళ పొద్దున సంగతి చెప్పి ముగిస్తాను. వార్డు కిక్కిరిసిపోయింది. పిలుపు వరస మొదలుపెట్టబోతూ ఎందుకో ఆగి, గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగాను: "మధ్యాహ్నం లోపల పనిలోకి వెళ్ళాల్సినవాళ్ళెవరు?" ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాట నేనెప్పుడూ అడగలేదు.  ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. మనవాళ్ళవే కాదు. బట్టల కొట్టు అమ్మాయి, బడిలో వంటచేసే ఆవిడ, తెల్లచొక్కా వేసుకుని రోజూ ముందు వరసలో కూర్చునే పెద్దాయన కూడా. ఆయనకి వాచ్‌మన్ డ్యూటీ అని నాకు ఇవాళే తెలిసింది.

అందరికంటే ఆఖర్న లేచింది గోడ దగ్గర బల్ల చివర ఒక చెయ్యి. తల కూడా దాటలేదు, చెవి దాకా లేచి ఆగిపోయింది.

వార్డంతా వింటోంది. సిస్టర్లు, డాక్టరు, కౌంటర్ అమ్మాయి, అందరూ.

"రా తమ్ముడూ" అన్నాను.

అత్త